బెల్టుకు ఆయిల్ లేదు, చేతికి రశీదు లేదు: మన జిమ్ముల సంగతి

నల్గొండ హైదరాబాద్ రోడ్డు చూసినా, మిర్యాలగూడ చూసినా, మహబూబ్‌నగర్ న్యూటౌన్, జడ్చర్ల, వనపర్తి ఎక్కడ చూసినా జిమ్ముకు పోయేవాళ్ల గోడు ఒక్క తీరుగానే ఉంటుంది. రెండు ట్రెడ్‌మిల్లుల్లో ఒకటి బంద్. ఏసీ ఉంది గానీ వేయరు. బెంచీ రెక్సిన్ చిరిగి ఫోమ్ బయటికొచ్చింది. కోచ్ ఫోన్‌లోంచి తల ఎత్తడు. అడిగితే "రేపు మెకానిక్ వస్తడన్నా" అంటారు. నెల గడిచినా అదే మాట.

వీటిలో చాలావరకు డబ్బు లేక ఆగిన పనులు కావు. ఒక సిలికాన్ ఆయిల్ సీసా, ఒక కేబుల్, రెండు మీటర్ల రెక్సిన్, అంతే. అసలు చిక్కు ఫీజు తీసుకునే పద్ధతిలో ఉంది. ఓపెనింగ్ ఆఫర్ అనో, దసరా ఆఫర్ అనో ఏడాది డబ్బు ఒకేసారి చేతిలో పడ్డాక, ఆ సభ్యుడు రెండో నెల నుంచి రాకపోతేనే యజమానికి లాభం. మిషన్ అరగదు, కరెంటు కాలదు. నెలనెలా కట్టే మనిషిని నిలుపుకోవాలంటే మాత్రం మిషన్లు నడవాలి. అందుకే నా మాట ముందే చెప్తున్నాను: కొత్త జిమ్ములో మొదటి మూడు నెలలు నెలకోసారే కట్టండి, రేటు ఎక్కువైనా సరే. నెలకు 1,200 అనుకుంటే మూడు నెలలకు 3,600. అదే జిమ్ము ఏడాదికి 9,000 ఆఫర్ ఇస్తే మూడు నెలల వాటా 2,250. తేడా 1,350. మిగతా 6,750 ఇరుక్కుపోకుండా ఉండడానికి ఆ 1,350 ఎక్కువేం కాదు.

పోలీసు కొలువులకు తయారయ్యే పిల్లలు ఈ ప్యాకేజీల్లో బాగా ఇరుక్కుంటున్నారు. నోటిఫికేషన్ పడగానే ఏడాదికి కట్టేస్తారు, ఈవెంట్స్ (శరీర దారుఢ్య పరీక్షలు) అయిపోగానే మానేస్తారు. వాళ్లకు ముందు కావలసింది పరుగు. 2022 నోటిఫికేషన్ ప్రకారం మగవాళ్లు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవాళ్లు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తిచేయాలి. ట్రెడ్‌మిల్ లెక్కలోకి మారిస్తే మొదటిది గంటకు దాదాపు 13.25 కిలోమీటర్ల వేగం, రెండోది సరిగ్గా 9. చిన్న జిమ్ముల్లో తరచూ కనబడేది ఇంటివాడకానికి చేసిన మిషన్. స్క్రీన్ మీద 14 దాకా చూపిస్తుంది, కానీ 75 కిలోల మనిషి 13 మీద పరుగెత్తితే కాలు పడ్డప్పుడల్లా బెల్టు తడబడుతుంది. స్టిక్కర్ మీద పెద్దక్షరాల్లో ఉండే పీక్ హెచ్‌పీని (మోటారు కాసేపే ఇవ్వగల శక్తి) కాదు, కంటిన్యూయస్ హెచ్‌పీని (ఆగకుండా ఇవ్వగల శక్తి) చూడాలి. పక్కనే ఎంత బరువు మనిషి దాకా ఆగుతుందో కూడా రాసి ఉంటుంది. పరుగుకు నల్గొండ ఎన్‌జీ కాలేజీ గ్రౌండ్ లాంటి మైదానం ఏ ఊళ్లోనైనా ఒకటి ఉంటుంది. జిమ్ము ఫీజు కాళ్ల బలానికి, 7.26 కిలోల షాట్‌పుట్ విసిరే భుజానికి, నడుముకు కట్టండి. అది నాలుగు నెలల పని, పన్నెండు నెలల ప్యాకేజీ అక్కర్లేదు.

స్క్రీన్ చూపించే వేగం నిజమో కాదో తేల్చుకోవడం తేలిక. మిషన్ ఆపి, ప్లగ్ తీసి, బెల్టు అంచు మీద చాక్‌పీసుతో అడ్డగీత పెట్టండి. పైన కనబడే భాగాన్ని టేపుతో కొలిచి, చేత్తో బెల్టును జరుపుతూ మిగతాది కొలవండి. ఆ గీత మళ్లీ పైకి వచ్చేసరికి మొత్తం పొడవు తేలుతుంది. చాలా మిషన్లకు 3 మీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. తర్వాత ఒక మనిషిని 6 మీద నడిపించి, గీత ముందు రోలర్ దగ్గరికి నిమిషంలో ఎన్నిసార్లు వచ్చిందో ఎంచండి. 3 మీటర్ల బెల్టు అయితే 33 సార్లు రావాలి. 29 సార్లే వస్తే నిజమైన వేగం 5.2. ఖాళీ బెల్టు మీద ఎంచితే చాలా మిషన్లు పాసైపోతాయి, మనిషి బరువు పడ్డాకే అసలు సంగతి బయటపడుతుంది.

బెల్టు ఇలా మందగించడానికి మొదటి కారణం కింద ఆయిల్ లేకపోవడం. బెల్టు కింద ఒక పలక ఉంటుంది. బెల్టుకూ పలకకూ మధ్య సిలికాన్ ఆయిల్ పలచగా ఉండాలి. అది ఎండిపోతే రాపిడి పెరుగుతుంది, మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, కంట్రోల్ బోర్డు వేడెక్కుతుంది. మొదట స్క్రీన్ మీద ఎర్రర్ వచ్చి ఆగుతుంది, కాసేపటికి మళ్లీ నడుస్తుంది. రోజులు గడిచేకొద్దీ ఆ కాసేపు పెరుగుతుంది. చివరికి బోర్డు కాలుతుంది. "పార్ట్ హైదరాబాద్ నుంచి రావాలె" అని నెలల తరబడి చెప్పే కథ చాలాసార్లు ఇక్కడే మొదలవుతుంది. చూసుకోవడానికి ప్లగ్ తీసి, బెల్టు మధ్యభాగంలో అంచును పైకెత్తి, వేళ్లు రెండు మూడంగుళాలు లోపలికి పెట్టి బెల్టు కిందివైపు తడమండి. జిడ్డుగా తగలాలి. పొడిగా ఉండి వేళ్లకు నల్లటి పొడి అంటితే చాన్నాళ్లుగా ఎవరూ పట్టించుకోలేదన్నమాట. పోయడం పది నిమిషాల పని: స్వచ్ఛమైన సిలికాన్ ఆయిల్ 20 నుంచి 30 మిల్లీలీటర్లు, రెండువైపుల నుంచి సగం సగం లోపలికి పోసి, నెమ్మది వేగం మీద ఐదు నిమిషాలు నడవాలి. పొద్దున సాయంత్రం నిండుగా నడిచే జిమ్ములో నెలకోసారి ఈ పని జరగాలి. కొబ్బరినూనె, ఇంజిన్ ఆయిల్, గ్రీజు పోసేవాళ్లున్నారు. వాటికి దుమ్ము పట్టి ముద్దవుతుంది, బెల్టు పాడవుతుంది. మైనం పూసిన పలకలున్న కొన్ని మిషన్లకు ఆయిలే పోయకూడదు, అది మాన్యువల్‌లో ఉంటుంది. మాన్యువల్ ఎక్కడుందని అడిగితే ఆ జిమ్ము తీరు సగం తెలుస్తుంది.

బెల్టు ఒక పక్కకు జరిగి అంచు పీచులు లేస్తుంటే వెనక రోలర్‌కు రెండువైపులా ఉన్న బోల్టుల్ని అలెన్ కీతో సరిచేయాలి. బెల్టు ఎడమకు పోతే ఎడమ బోల్టును కుడివైపుకు పావు చుట్టు తిప్పి, 5 మీద రెండు నిమిషాలు ఖాళీగా నడిపి చూసి, అవసరమైతే మళ్లీ పావు చుట్టు. ఒకేసారి రెండు మూడు చుట్లు తిప్పితే బెల్టు బిగుసుకుని బేరింగులు పోతాయి. ఎర్రటి సేఫ్టీ కీకి దారం, క్లిప్పు లేకుండా, కీ బదులు అయస్కాంతం ముక్క అతికించి నడిపే మిషన్ ఎక్కకండి. జారిపడితే అది ఆగదు.

కరెంటు సంగతి ఇంకా ముఖ్యం. చలికాలంలో రాడ్డు ముట్టుకుంటే చిటుక్కుమని ఒక్కసారి కొట్టి పోయేది ఒట్టి రాపిడి కరెంటు, ప్రమాదం లేదు. చెయ్యి పెట్టినంతసేపు జివ్వుమంటుంటే అది లీకేజీ. వెంటనే దిగి మెయిన్ ఆపించాలి. ట్రెడ్‌మిల్‌కు 16 ఆంపియర్ల సాకెట్, దానికి పనిచేసే ఎర్తింగ్, బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే దానంతటదే ఆపేసే స్విచ్చు) ఉండాలి. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెట్టారంటే ఎర్తింగ్ తెగిపోయినట్టే. ఎండాకాలం సాయంత్రాలు ఓల్టేజీ పడిపోయే గల్లీల్లో స్టెబిలైజర్ లేకుండా నడిపితే బోర్డులు మళ్లీ మళ్లీ పోతాయి, బంద్ బోర్డు మళ్లీ మళ్లీ వేలాడుతుంది.

కేబుల్ మిషన్లలో ముందు చూడాల్సింది కేబుల్ కొసలు. పైన ప్లాస్టిక్ పూతతో ఉండే ఉక్కు తీగ అది. హ్యాండిల్ తగిలించే కొసన, బరువుల దగ్గర బిగించిన కొసన వంగి వంగి లోపలి సన్నతీగలు ఒక్కొక్కటే తెగుతాయి. పూత పగిలి తీగలు కనబడినా, ఒకచోట ఉబ్బినా, మడత పడినా ఆ మిషన్ వాడొద్దు. ఇన్సులేషన్ టేపు చుట్టి నడుపుతున్నారంటే లోపల ఏముందో కనబడకుండా చేశారన్నమాట. లాట్ పుల్‌డౌన్ (తలపైనున్న రాడ్డును కిందికి లాగే మిషన్) మీద 50 కిలోలు లాగుతున్నప్పుడు తీగ తెగితే పైనున్న రాడ్డు నేరుగా ముఖం మీదికో మెడ మీదికో వస్తుంది. బరువుల మధ్య పెట్టే పిన్ను పోయి దాని చోట స్క్రూడ్రైవరో, మేకో పెట్టడం కూడా మామూలైపోయింది. అది సగంలో జారితే పలకలన్నీ ఒక్కసారి పడతాయి. పలకలు జారే నిలువు రాడ్లను వారానికోసారి పొడిగుడ్డతో తుడిచి సిలికాన్ స్ప్రే కొడితే చాలు. రోడ్డువైపు కిటికీలున్న జిమ్ముల్లో వాటికి గ్రీజు పూస్తే దుమ్ముతో కలిసి గరుకు ముద్దవుతుంది, బరువు గుంజుకుంటూ కదులుతుంది.

ప్లేట్ల మీద రాసిన అంకె మీద నమ్మకం పెట్టుకోకండి. పోత ఇనుము ప్లేట్లు రెండువైపులా ఒకే బరువు ఉండకపోవచ్చు. ఒకసారి కాంటా మీద పెట్టి, నిజమైన బరువు పెయింటుతో రాయమని అడగండి. ధాన్యం మార్కెట్లున్న మన ఊళ్లలో కాంటాకు కరువు లేదు. ఏడడుగుల ఒలింపిక్ రాడ్డు 20 కిలోలు ఉంటుంది. సన్నటి లోకల్ రాడ్డు అందులో సగం కూడా ఉండకపోవచ్చు. జిమ్ము మారినప్పుడు "నా బలం తగ్గింది" అనుకునేవాళ్ల సంగతి చాలావరకు ఇదే. ప్లేట్లు జారకుండా రాడ్డు కొసన బిగించే లాకులు అడగడం మర్చిపోవద్దు. స్టాండు మీద రాడ్డుకు ఒకవైపు ప్లేట్లన్నీ తీసేస్తే రెండోవైపు బరువుకు రాడ్డు ఎగిరి తలకిందులవుతుంది. రెండువైపులా ఒక్కొక్కటే తీయాలి.

ఇక గాలి. మే నెలలో 44 డిగ్రీలు దాటే ఊళ్లు మనవి. మేడ మీద రేకుల షెడ్డులోనో, సెల్లార్‌లోనో జిమ్ము పెడితే లోపల ఎట్లా ఉంటుందో చెప్పక్కర్లేదు. "ఏసీ వేయరు" అన్నది అందరి ఫిర్యాదు. నా లెక్కలో అంతకన్నా పెద్ద ఫిర్యాదు ఎగ్జాస్ట్ గురించి ఉండాలి. స్ప్లిట్ ఏసీ లోపలి గాలినే చల్లబరిచి మళ్లీ వదులుతుంది, కొత్తగాలి తీసుకురాదు. 25 మంది గంటసేపు చెమటోడ్చే గదిలో అద్దాల మీద ఆవిరి పట్టిందంటే గాలి మారడం లేదన్నమాట. లెక్క సులువు: 40 అడుగుల పొడవు, 25 వెడల్పు, 10 ఎత్తు గదిలో 10,000 ఘనపుటడుగుల గాలి ఉంటుంది. గంటకు పదిసార్లు మారాలంటే నిమిషానికి 1,670 ఘనపుటడుగులు బయటికి తోలాలి. ఎగ్జాస్ట్ ఫ్యాను డబ్బా మీద సీఎఫ్ఎం అని ఉండే అంకె ఇదే. ఒక్క చిన్న బాత్రూం ఫ్యాన్‌తో అది కాదు, పెద్దవి రెండు కావాలి. ఫ్యాను ఉన్న గోడకు ఎదురుగోడలో కిటికీ తెరిచి ఉండాలి. పక్కనే తలుపు తెరిస్తే ఆ తలుపు గాలినే లాగి వదులుతుంది, గది అవతలి మూల అట్లాగే ఉడుకుతుంది. రేకుల మీద తెల్లటి కూల్ పెయింటు వేయించమని అడగడం ఏసీ అడగడం కన్నా తొందరగా ఫలిస్తుంది, ఎందుకంటే అది ఒక్కసారి ఖర్చు.

నీళ్ల గురించి నల్గొండవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు గానీ, జిమ్ముల్లో అదే మర్చిపోతున్నారు. ఎండాకాలంలో గంట కసరత్తుకు లీటరు నీళ్లు ఊరికే తాగేస్తారు. ఆ నీళ్లు బోరువా, మిషన్ భగీరథ నల్లావా, ప్లాంటు క్యానువా అడగండి. తాగేనీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా ఓర్చుకోవచ్చని భారత ప్రమాణం చెప్తుంది. బోరు నీళ్లు మరిగించినా ఫ్లోరైడ్ పోదు, మామూలు క్యాండిల్ ఫిల్టర్ కూడా తీయలేదు. ఆర్‌వో తీస్తుంది, అదీ మెంబ్రేన్ బాగున్నంతవరకే. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్గొండ పేరే పెట్టుకున్న చరిత్ర మనది. అట్లాంటి జిల్లాలో డిస్పెన్సర్ వెనక పైపు బోరు ట్యాంకుకు పోతుందో లేదో చూడకుండా తాగడం తప్పు. క్యాను అయితే మూత సీలు చూడండి, డిస్పెన్సర్ గిన్నె లోపల పాకుడు ఉందేమో వేలితో చూడండి.

ఈ వేడికి, చెమటకు తోడయ్యేది తామర. గజ్జల్లో, చంకల్లో గుండ్రటి దురద మచ్చలు జిమ్ము సభ్యుల్లో ఒకరికి వస్తే తువ్వాళ్లు, మ్యాట్లు, తడి బెంచీల మీదుగా ఇంకొకరికి పోతాయి. రెక్సిన్ చిరిగిన బెంచీ ఫోమ్ చెమట పీల్చుకుంటుంది, దాన్ని తుడిచి శుభ్రం చేయడం ఎవరివల్లా కాదు. అందుకే చిరుగు అందానికి సంబంధించిన మాట కాదు, బెంచీకి కొత్త రెక్సిన్ వేయించాల్సిందే. స్ప్రే కొట్టి ఆ క్షణమే తుడిచేస్తే పని జరగదు. సీసా మీద రాసినన్ని నిమిషాలు తడిగా ఉంచాలి. బ్లీచింగ్ నీళ్లు బెంచీలకు వాడితే రెక్సిన్ పగులుతుంది, ఇనుము తుప్పు పడుతుంది. నేల తుడిచే గుడ్డతోనే బెంచీలు తుడవడం మాత్రం కనబడితే అక్కడే ఆపి అడగండి. మీ వంతుగా పెద్ద తువ్వాలు పరిచి పడుకోండి, ఇంటికెళ్లగానే బట్టలు మార్చండి. తామర వస్తే మెడికల్ షాపులో స్టెరాయిడ్ కలిసిన క్రీము కొనొద్దు. వారంలో దురద తగ్గినట్టుంటుంది, తర్వాత రెట్టింపై మొండిపడుతుంది. చర్మం డాక్టరుకే చూపించండి.

స్టాఫ్ మీద కోపం అందరికీ ఉంది. న్యాయంగా చూస్తే చిన్న ఊరి జిమ్ముల్లో పొద్దున 5కి షట్టర్ ఎత్తేదీ, రాత్రి 10కి దించేదీ తరచూ ఒక్క కుర్రాడే. ఊడ్చేది, ఫీజు వసూలు చేసేది, పాటలు పెట్టేది, కోచింగ్ ఇచ్చేది అంతా అతనే. జీతం తక్కువ, పర్సనల్ ట్రైనింగ్ కమీషన్, పౌడర్ డబ్బాల మీద మిగిలేది ఎక్కువ. అందుకే పర్సనల్ ట్రైనింగ్ తీసుకున్నవాడి దగ్గర నిలబడతాడు, మామూలు ఫీజు కట్టినవాడి దిక్కు చూడడు. అతని మీద అరిస్తే ఇది మారదు. సాయంత్రం 6 నుంచి 9 మధ్య ఇంకొక మనిషిని పెట్టమని యజమానిని పదిమంది కలిసి అడిగితే మారుతుంది.

అయినా కోచ్ అన్నాక తప్పించుకోలేని పనులు కొన్ని ఉన్నాయి. మొదటి రోజే బీపీ, షుగర్, గుండె, నడుము నొప్పి, మోకాలు, ఆపరేషన్లు, ఆడవాళ్లకైతే గర్భం సంగతి అడగాలి. అడగకుండా అందరికీ ఒకే చార్టు చేతిలో పెట్టేవాడు కోచ్ కాడు. కొత్తవాళ్లతో ఖాళీ రాడ్డుతో స్క్వాట్ మొదలుపెట్టించాలి. బీపీ ఉన్నవాళ్లు ఊపిరి బిగబట్టి బరువెత్తితే బీపీ ఒక్కసారిగా ఎగురుతుందని చెప్పాలి. బెంచ్ ప్రెస్ భారీగా వేసేవాడి తలవైపు నిలబడాలి.

మొదటి రోజే హుషారు ఎక్కించి వందల కొద్దీ స్క్వాట్లు కొట్టించే కోచ్‌లకు భయపడాలి. ఒకటి నుంచి మూడు రోజులు ఒళ్లు నొప్పులు ఉండడం మామూలే. కానీ తొడలు ఉబ్బి, గట్టిపడి, భరించలేని నొప్పితో మూత్రం కోలా రంగులో వస్తే కండరం కరిగి ఆ పదార్థం కిడ్నీల్లోకి పోతున్నట్టు. ఎండాకాలం, నీళ్లు తక్కువ తాగడం దీన్ని ఇంకా పెంచుతాయి. నిమ్మరసం తాగి పడుకుంటే తగ్గేది కాదు, అదే రోజు ఆసుపత్రికి పోవాలి. దీని గురించి కోచ్‌ను అడిగి చూడండి. "నొప్పి ఉంటేనే బాడీ వస్తది" అన్నాడంటే మీ పిల్లల్ని అతని చేతికి ఇవ్వకండి. ఛాతీలో బరువుగా ఉందన్నవాడిని "గ్యాస్" అని కూర్చోబెట్టకుండా 108కు ఫోన్ చేయడం, కుప్పకూలి ఊపిరి లేకపోతే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్ల లోతు నొక్కడం షిఫ్టులో ఉన్న ప్రతి మనిషికీ వచ్చి ఉండాలి. మామూలు జిమ్ము అయినా, పెద్ద జిమ్ము అయినా ఇందులో రాయితీ లేదు.

ఆడవాళ్ల బ్యాచ్ సమయాలు రాసి ఉన్న బోర్డు ఫొటో తీసుకోండి. మగవాళ్ల రద్దీ పెరగగానే మొదట కోత పడేది అక్కడే. సీసీ కెమెరా బట్టలు మార్చుకునే గది తలుపును చూస్తూ ఉంటే తిప్పించాలి, ఆ ఫుటేజ్ ఎవరి ఫోన్‌లో కనబడుతుందో అడగాలి. అడగకుండా వెనక నుంచి రీల్స్ తీసేవాళ్లను ఆపడం స్టాఫ్ పని. ఆపకపోతే యజమానికి రాతలో చెప్పండి. బట్టలు మార్చుకుంటుండగా చూసినా, తీసినా అది భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం. పోలీసుల షీ టీమ్స్‌కు నేరుగా చెప్పొచ్చు.

పౌడర్ల విషయం చిన్నగా చెప్తాను. కోచ్ చేతి మీదుగా కొనాల్సిన అవసరం ఎవరికీ లేదు. డబ్బా మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ లేకపోతే, విదేశీ డబ్బా అయితే దిగుమతిదారు పేరున్న లేబుల్ లేకపోతే, బిల్లు ఇవ్వకపోతే వద్దనండి. విప్పిన డబ్బాలోంచి కవర్లో పోసి అమ్మేది అసలే వద్దు. ఒక స్కూపులో ఉండే 24 గ్రాముల ప్రోటీన్ నాలుగు గుడ్లలో ఉంటుంది. ఇంజెక్షన్ మాట ఎత్తిన జిమ్ముకు మళ్లీ పోకండి. అవి డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందులు.

ఇక డబ్బు, రశీదు. ఫీజు కోచ్ సొంత నంబరుకు ఫోన్‌పే కొట్టొద్దు, జిమ్ము పేరున్న క్యూఆర్‌కే కట్టండి. నోట్‌లో "జిమ్ము ఫీజు, ఏ నెల నుంచి ఏ నెల దాకా" రాయండి. చేతులు మారిన జిమ్ముల్లో "మేనేజ్‌మెంట్ మారింది, పాత మెంబర్‌షిప్ మాకు సంబంధం లేదు" అని కొత్త యజమాని అన్నప్పుడు పనికొచ్చేది ఇదొక్కటే. రశీదు మీద జీఎస్టీ వేస్తే 36తో మొదలయ్యే 15 అక్షరాల నంబరు ఉండాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి జిమ్ములకు జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది. ఇప్పటికీ 18 అంటే అడగండి. ఏడాది వ్యాపారం 20 లక్షల లోపు ఉండి రిజిస్ట్రేషన్ లేని జిమ్ము అసలు జీఎస్టీ వసూలే చేయకూడదు.

ఫిర్యాదు నోటిమాటగా చెప్పకండి, వాట్సాప్‌లో యజమానికే పంపండి. ఇంత చాలు: "నమస్తే సార్. ఏడాదికి 9,000 కట్టిన సభ్యుణ్ని, రశీదు ఫొటో పెట్టాను. ఎడమవైపు ట్రెడ్‌మిల్ 3 వారాలుగా బంద్ ఉంది. లాట్ మిషన్ కేబుల్ కొసన తీగలు తెగాయి, ఫొటో చూడండి. కేబుల్ ఇవాళే మార్చాలి లేదా మిషన్‌కు తాళం వేయాలి. ట్రెడ్‌మిల్ 15 రోజుల్లో బాగుచేయించండి. కాకపోతే మిగిలిన నెలల ఫీజు తిరిగి ఇవ్వండి." కోపం మాటలు వద్దు. ఏది పాడైంది, ఎన్నాళ్లుగా, ఏం చేయాలి, ఎప్పటిలోగా, ఈ నాలుగూ ఉంటే అదే రేపు కాగితం అవుతుంది.

మిగిలిన ఫీజు లెక్క దగ్గర గొడవ తప్పదు. 9,000లో మూడు నెలలు వాడితే మీ లెక్క ప్రకారం 6,750 రావాలి. జిమ్మువాళ్లు "వాడిన నెలలకు మామూలు రేటు 1,200 పడుతుంది" అంటే 3,600 పోయి 5,400 వస్తుంది. మీ అంతట మీరు మానేస్తే రెండో లెక్కకు ఒప్పుకోవచ్చు. మిషన్లు నడవక, సమయాలు కోసి వాళ్లే మిమ్మల్ని పంపేస్తే మొదటి లెక్కకే పట్టుబట్టండి. "డబ్బు వాపసు ఇవ్వబడదు" అని రశీదు మీద అచ్చు వేసినంత మాత్రాన దారి మూసుకుపోదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం, లోపమున్న సేవకు డబ్బు గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా తిరిగి ఇవ్వకపోవడం రెండూ అనుచిత వ్యాపార పద్ధతులే.

ముందు 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయించండి, డాకెట్ నంబరు (ఫిర్యాదు నంబరు) రాసుకోండి. చిన్న మొత్తాలు కొన్ని అక్కడే తేలతాయి. తేలకపోతే నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయొచ్చు, వినియోగదారుల కేసుల కోసం ఉన్న ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే వేయొచ్చు. కట్టిన డబ్బు 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లలోగా వేయాలి. జిమ్ము హైదరాబాద్ కంపెనీ బ్రాంచి అయినా మీరు ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు. రశీదు, చేరేటప్పుడు ఇచ్చిన కరపత్రం, సమయాల బోర్డు ఫొటో, పాడైన మిషన్ల ఫొటోలు, వాట్సాప్ సందేశాలు జతచేయండి. వాట్సాప్ చాట్‌ను స్క్రీన్‌షాట్లుగా కాకుండా ఎక్స్‌పోర్ట్ చేసి ప్రింటు తీయిస్తే తేదీలన్నీ వరుసగా వస్తాయి. యూపీఐ చెల్లింపు కాగితంలో లావాదేవీ నంబరు, డబ్బు అందుకున్న ఖాతా పేరు రెండూ పూర్తిగా కనబడాలి.